పేడా, ఊకా, కొబ్బరి పొట్టూ: మన జిల్లాల్లో ఏ యూనిట్ పెట్టాలి, ఏ సాయం తీసుకోవాలి

సంక్రాంతికి ఊరెళ్తే మా ఇంటి అరుగు మీద ముగ్గురు మూడు ఆలోచనలతో కూర్చున్నారు. శ్రీకాకుళం జిల్లా కోటబొమ్మాళి దగ్గర ఉండే మా చిన్నాన్న కొడుక్కి నాలుగు పశువులున్నాయి, ఉపాధి హామీ నిధులతో కట్టిన గోకులం షెడ్డు కూడా వచ్చింది. గోబర్ గ్యాస్ పెట్టాలని ఉంది. కవిటిలో ఉంటున్న మా మేనకోడలు, వాళ్ల డ్వాక్రా సంఘంలో మరో తొమ్మిది మందీ కలిసి కొబ్బరి పొట్టుతో ఏదైనా చేద్దామనుకుంటున్నారు. మా బావమరిది స్నేహితుడు విజయనగరం జిల్లా చీపురుపల్లి నుంచి, పంట వ్యర్థాల్ని నొక్కి ఇంధనం దిమ్మెలు చేసే బ్రికెట్ల మిషను కొటేషను జేబులో పెట్టుకుని వచ్చాడు. ముగ్గురూ అడిగిన మొదటి ప్రశ్న ఒక్కటే: "సబ్సిడీ ఎంతొస్తాది?"

అడగాల్సిన ప్రశ్నే. కానీ దాన్ని మూడో స్థానంలో పెట్టండి. దానికన్నా ముందు రెండున్నాయి. ఏడాది పొడుగునా, ముఖ్యంగా జూలై నుంచి నవంబరు దాకా వానల్లో, సరుకు నా చేతికి ఎక్కడి నుంచి వస్తుంది? తయారైనదాన్ని ఎవరు కొంటారు, ఎంత దూరంలో ఉంటారు, ఎన్ని రోజులకు డబ్బిస్తారు? ఈ రెండూ అడక్కుండా నేను ఒక యూనిట్‌లో వాటా పెట్టి రెండేళ్లు నలిగిపోయాను. ఆ సంగతి కింద చెప్తాను. ఆ ముగ్గురికీ అరుగు మీద చెప్పిందే ఇక్కడ కొంచెం వివరంగా రాస్తున్నాను.

డబ్బు వచ్చే దారులు

కేంద్రంలోని కొత్త, పునరుత్పాదక ఇంధన శాఖ 2022 నవంబరులో జాతీయ బయోఎనర్జీ కార్యక్రమాన్ని ప్రకటించింది. మొదటి దశకు 858 కోట్లు. అందులో వ్యర్థాల నుంచి గ్యాస్, కరెంటు తీసే పెద్ద ప్లాంట్లకు 600 కోట్లు, బ్రికెట్లు, పెల్లెట్లు లాంటి వాటికి 158 కోట్లు, ఇళ్ల దగ్గర, డెయిరీల దగ్గర పెట్టే బయోగ్యాస్‌కి 100 కోట్లు. దేశం మొత్తానికి 100 కోట్లంటే మన జిల్లా వాటా ఎంతుంటుందో మీరే ఊహించుకోవచ్చు. ఇంటి గోబర్ గ్యాస్ కావాల్సినవాళ్లు ఆర్థిక సంవత్సరం మొదట్లోనే పేరు రాయించుకోవాలి, ఫిబ్రవరిలో వెళ్తే ఆ ఏడాది లక్ష్యం అయిపోయిందంటారు.

ఈ కార్యక్రమం కాలపరిమితి 2021-22 నుంచి 2025-26 వరకు. కాబట్టి నేను కింద రాసే అంకెలన్నీ ఆ కాలానివి. మీరు వెళ్లిన రోజుకు ఏ మార్గదర్శకాలు అమల్లో ఉన్నాయో వాటి కాపీ అడిగి తీసుకోండి. నోటిమాట మీద అడ్వాన్సు కట్టొద్దు.

రెండో దారి పీఎంఈజీపీ, అంటే బ్యాంకు అప్పుతో కలిపి సబ్సిడీ ఇచ్చే ప్రధానమంత్రి ఉపాధి కల్పన కార్యక్రమం. ఇది బయోమాస్ కోసమని పెట్టిన పథకం కాదు, కొత్తగా పెట్టే చిన్న పరిశ్రమల్లో చాలావాటికి వర్తిస్తుంది. జిల్లా పరిశ్రమల కేంద్రం, ఖాదీ కమిషన్, ఖాదీ బోర్డు, కొబ్బరి పీచుకైతే కాయిర్ బోర్డు ద్వారా దరఖాస్తు చేసుకోవచ్చు. మూడోది రాష్ట్రం 2024లో తెచ్చిన సమగ్ర క్లీన్ ఎనర్జీ పాలసీ. అందులోని రాయితీలు కోట్లలో పెట్టుబడి పెట్టేవాళ్లకు పనికొస్తాయి. అరుగు మీద కూర్చున్న ముగ్గురిలో ఎవరికీ దానితో పనిలేదు.

నాలుగు పశువులున్న ఇంటికి

ఇందులో నాకు అనుమానమే లేదు. రోజూ 40, 50 కిలోల పేడ దొరికే ఇంటికి గోబర్ గ్యాస్‌ని మించింది లేదు. సరుకు ఇంట్లోనే ఉంది, వాడేదీ ఇంట్లోనే. కొనేవాడి కోసం వెతుక్కోనక్కర్లేదు.

లెక్క చెప్తాను. పాతిక కిలోల పేడకు సుమారు ఒక ఘనపు మీటరు గ్యాస్ వస్తుంది. అది 430 నుంచి 450 గ్రాముల సిలిండర్ గ్యాస్‌తో సమానం. నలుగురైదుగురున్న ఇంటికి రెండు ఘనపు మీటర్ల ప్లాంటు సరిపోతుంది, దానికి రోజూ 50 కిలోల పేడ, అన్నే నీళ్లు కావాలి. ఆవు రోజుకి 10 కిలోలు, గేదె 15 కిలోలు వేస్తుందనుకోవచ్చు. కానీ పశువులు పొద్దున్నే మేతకు పోయి సాయంత్రం తిరిగొస్తే సగం పేడ పొలాల్లోనే పడుతుంది. మా తమ్ముడి షెడ్డుకి సిమెంటు గచ్చుంది, పశువులు ఎక్కువసేపు కట్టు మీదే ఉంటాయి. అందుకే అతని నాలుగు పశువులు మేతకు పోయే ఆరు పశువులతో సమానమని చెప్పాను.

సబ్సిడీ ప్లాంటు పరిమాణాన్ని బట్టి, లబ్ధిదారుడి కేటగిరీని బట్టి 9,800 నుంచి 70,400 రూపాయల దాకా. రెండు నుంచి నాలుగు ఘనపు మీటర్ల ప్లాంటుకి మన దగ్గర సాధారణ కేటగిరీలో 14,350. ఇటుక, సిమెంటు, మేస్త్రీ కూలి ఎంతైనా ఈ మొత్తం మారదు. మిగిలింది మనమే పెట్టుకోవాలి. "నాలుగు ఘనపు మీటర్లకీ అంతే ఇస్తారు కదా, పెద్దదే కట్టేద్దాం" అని కొందరంటారు. వద్దు. పేడ చాలని పెద్ద ప్లాంటు రెండు రోజులకోసారి మండుతుంది, ఆడవాళ్లు మళ్లీ పుల్లలు ఏరుకోవాల్సొస్తుంది.

మోడల్ విషయంలో మాత్రం తీరిగ్గా ఆలోచించండి. మా నాన్న పాత రోజుల్లో పెట్టింది ఇనుప డ్రమ్ము తేలే రకం. గ్యాస్ నిండితే డ్రమ్ము పైకి లేచేది, మా అమ్మ వంటింటి గుమ్మం దగ్గర నుంచే చూసి ఇవాళ పప్పు ఉడుకుతుందో లేదో చెప్పేసేది. ఆ సుఖం ఇంకే మోడల్లోనూ లేదు. కానీ మాది సముద్రం గాలి తగిలే ఊరు. ఏటా రంగు వెయ్యకపోతే డ్రమ్ము తుప్పు పట్టిపోతుంది. రెండేళ్లు రంగు మానేశాం, మూడో ఏడు డ్రమ్ము అంచున చిల్లులు పడ్డాయి. అందుకే తీరం మండలాల వాళ్లకి, అంటే సంతబొమ్మాళి, వజ్రపుకొత్తూరు, సోంపేట, అటు భోగాపురం, పూసపాటిరేగ వాళ్లకి, భూమిలో ఇటుకతో గుమ్మటంలా కట్టే దీనబంధు రకమే చెప్తాను. అందులో ఇనుము దాదాపు ఉండదు, కదిలే భాగం లేదు. ఇబ్బందల్లా మేస్త్రీతోనే. గుమ్మటం లోపల పూత సరిగా పడకపోతే గ్యాస్ కంటికి కనపడకుండా జారిపోతుంది. ఇల్లు కట్టే మేస్త్రీ ఇది కట్టలేడు. ఇదివరకు కట్టినవాణ్ణే పిలవండి, అతను కట్టిన ప్లాంటు మండుతోందో లేదో వెళ్లి కళ్లారా చూడండి. ఇప్పుడు సంచి రకం, రెడీమేడ్ ప్లాస్టిక్ రకం కూడా వస్తున్నాయి. రెండు రోజుల్లో బిగించేస్తారు. కౌలు ఇంట్లో ఉన్నవాళ్లకి, రాతి నేల తవ్వలేనివాళ్లకి అవి మేలు. కోళ్లూ కుక్కలూ తిరిగే పెరట్లో సంచికి కంచె తప్పనిసరి.

మొదటిసారి నింపడం గురించి ఎవరూ ముందు చెప్పరు. పేడ లోపల 40 రోజులుండేలా ప్లాంటు కడతారు కాబట్టి రెండు ఘనపు మీటర్లదానికి ఒకేసారి రెండు టన్నుల పేడ కావాలి. చుట్టుపక్కల ఇళ్లతో ముందే మాట్లాడుకోవాలి. కలిపేటప్పుడు ఎండుగడ్డి పోచలు ఏరెయ్యాలి. ఇది యంత్రంతో అయ్యే పని కాదు. తొట్టిలో మోచేతి దాకా చెయ్యి పెట్టి, పేడ ముద్దల్ని వేళ్ల మధ్య నలుపుతూ, అట్లపిండి జారుడు వచ్చేదాకా కలపాలి. పోచ మిగిలితే పైకి తేలి అట్టకడుతుంది, గ్యాస్ కిందే చిక్కుకుపోతుంది. మొదట వచ్చే గ్యాస్‌ని వెలిగించకుండా వదిలెయ్యాలి, అందులో గాలి కలిసి ఉంటుంది. ఆ తర్వాత నీలంగా, చప్పుడు లేకుండా మండుతుంది. పుల్లల పొయ్యి పొగలో ముప్ఫై ఏళ్లు దగ్గిన మా అమ్మ ఆ మంట ముందు కూర్చుని అన్నం వండిన రోజు నాకిప్పటికీ గుర్తే.

గ్యాస్ వచ్చిందని గత్తం పోయిందనుకోకండి. బయటికొచ్చే రొచ్చులో నత్రజని అలాగే ఉంటుంది, వాసన తగ్గుతుంది, కలుపు గింజలు చాలామట్టుకు చచ్చిపోతాయి. నీడలో ఎండబెట్టి చేనుకి తోలుకోవచ్చు. పేడ అమ్ముకునేవాళ్లకి మాత్రం నేను ఈ ప్లాంటు చెప్పను. వాళ్లు నెల తిరక్కుండానే పేడ మళ్లీ అమ్మడం మొదలుపెడతారు, ప్లాంటు గొయ్యిగా మిగిలిపోతుంది.

బ్రికెట్లా, పెల్లెట్లా

చీపురుపల్లి నుంచి వచ్చినాయన కొటేషను బ్రికెట్లది. చేతిమణికట్టంత లావు దిమ్మెలు, బాయిలర్లలో బొగ్గుకి బదులు వేస్తారు. పెల్లెట్లంటే చిటికెన వేలికన్నా సన్నంగా, పశువుల దాణా గుళికల్లా ఉంటాయి. ముడిసరుకు రెండింటికీ ఒకటే: వేరుశనగ తొక్కు, మొక్కజొన్న బెండ్లు, ఊక, రంపప్పొట్టు, గోగు కర్రలు, సరుగుడు కొమ్మలు.

సబ్సిడీ మాత్రం ఒకటి కాదు. బ్రికెట్లకు గంటకు ఒక టన్ను సామర్థ్యానికి 9 లక్షలు, ప్రాజెక్టుకి గరిష్ఠంగా 45 లక్షలు. పెల్లెట్లకు మొదట్లో ఇంతే ఉండేది, 2024లో పెంచారు: టన్నుకు 21 లక్షలు లేదా యంత్రాల ఖర్చులో 30 శాతం, రెండింటిలో ఏది తక్కువైతే అది. గరిష్ఠం ఒక కోటీ 5 లక్షలు. వేయించి నల్లబరిచిన టోరిఫైడ్ పెల్లెట్లకు దీనికి రెట్టింపు. ఎందుకీ తేడా అంటే, బొగ్గు కరెంటు ప్లాంట్లు బొగ్గుతో పాటు కొంత బయోమాస్ కాల్చాలని 2021 అక్టోబరులో కేంద్రం విధానం తెచ్చింది. 2024-25 నుంచి 5 శాతం కలపాలన్నారు. బొగ్గుతో కలిపి పొడి చేయడానికి పెల్లెట్లే అనువు. మనకి దగ్గర్లో పరవాడలో 2,000 మెగావాట్ల సింహాద్రి ప్లాంటు ఉంది.

ఇది విని "అయితే పెల్లెట్లే" అనొద్దు. కరెంటు ప్లాంటు టెండరులో పరిమాణం, తేమ, వేడిమి విలువ అన్నీ రాసి ఉంటాయి, లారీ గేటు దగ్గర పరీక్షలో తప్పితే వెనక్కి రావడమే. పెల్లెట్లకు సరుకుని ముందు సన్నగా పొడి చెయ్యాలి, కరెంటు బిల్లు ఎక్కువ. ఊకలో ఇసుకలాంటి సిలికా ఉంటుంది, దానివల్ల డై, రోలర్లు త్వరగా అరిగిపోతాయి. గంటకు టన్ను చేసే చిన్న యూనిట్ పెద్ద ఆర్డరు ఒక్కటే నమ్ముకుంటే, బిల్లు నెల ఆలస్యమైనా కూలీలకివ్వడానికి డబ్బుండదు. బ్రికెట్లకైతే చిన్న చిన్న కొనుగోలుదార్లుంటారు. పైడిభీమవరం పారిశ్రామికవాడలో ఆవిరి అవసరమైన ఫ్యాక్టరీలు, బట్టీలు, పెద్ద వంటశాలలు. ఒకరు ఆపినా ఇంకొకరు తీసుకుంటారు. కొత్తవాళ్లకి, చేతిలో ఏడాది ఖర్చుకి డబ్బులేనివాళ్లకి నా ఓటు బ్రికెట్లకే, తక్కువ సబ్సిడీ వచ్చినా సరే. ఇదివరకే దాణా మిల్లో, రంపపు మిల్లో నడుపుతూ, యంత్రం మరమ్మతు చేతనైనవాళ్లు పెల్లెట్లకు వెళ్లొచ్చు.

ఇక నా కథ. కరోనాకి కొంచెం ముందు రాజాం వైపు ముగ్గురం కలిసి బ్రికెట్ల యూనిట్ పెట్టాం. అప్పట్లో పీఎంఈజీపీ పరిమితి 25 లక్షలే. మిషను అమ్మినవాళ్లు గంటకు టన్ను అన్నారు. డెమోలో పొడి రంపప్పొట్టు వేసి చూపించారు, టన్ను వచ్చింది. మా దగ్గర ఉన్నది మొక్కజొన్న బెండ్లు. ఏప్రిల్, మే నెలల్లో రైతులు ఊరికే పట్టుకుపొమ్మన్నారు. మిషను పెట్టామని తెలిశాక ట్రాక్టరుకి రేటు చెప్పారు. వాళ్ల తప్పేం లేదు, ఎవరో కొంటున్నారంటే అది ఇక చెత్త కాదు కదా. జూలై వచ్చింది. టార్పాలిన్ కింద పెట్టిన కుప్పలో చెయ్యి పెడితే లోపల వేడి, తెల్లటి బూజు. సరుకులో తేమ 10, 12 శాతం దాటితే ప్రెస్సులో ఆవిరి పుట్టి దిమ్మె పగిలిపోతుంది. తుపాకీ పేలినట్టు చప్పుడొచ్చి ముక్కలు ఎగిరిపడేవి. గంటకు ఆరు క్వింటాళ్లు కూడా రాలేదు. డ్రయ్యరు పెట్టుకోవాలని మాకు కొటేషనులో ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు.

అందుకే ఆయనతో అన్నాను: మిషను చూడ్డానికి వెళ్లేటప్పుడు నీ సరుకు, నీ ఊరి తేమతో ఉన్నది, పది బస్తాలు పట్టుకెళ్లి నీ కళ్ల ముందు ఆడించమను. తేమ చూసే మీటరు లేకపోతే పాత పద్ధతి ఉంది. సీసాలో ఎండిన ఉప్పు, తురిమిన సరుకు వేసి బాగా ఆడించండి. ఉప్పు సీసా గోడకి అంటుకుంటే తేమ 15 శాతం పైనే ఉన్నట్టు. రేకుల షెడ్డు మూడు నెలల సరుకు పట్టేంత ఉండాలి. మన దగ్గర అక్టోబరు తుపాన్ల కాలం. హుద్‌హుద్, తిత్లీ రెండూ అక్టోబరులోనే వచ్చాయి. షెడ్డు ఖర్చు లేని ప్రాజెక్టు రిపోర్టు మన జిల్లాల కోసం రాసింది కాదు.

ఊక గురించి ఒక్కమాట. టన్ను ధాన్యానికి రెండు క్వింటాళ్ల ఊక వస్తుంది, మిల్లుల దగ్గర గుట్టలు చూసి ఆశపడతాం. కానీ ఉప్పుడు బియ్యం మిల్లులు తమ ఊకని తమ బాయిలర్లకే వాడుకుంటాయి, మిగిలింది ఇటుక బట్టీలవాళ్లు పట్టుకుపోతారు. మిల్లరుతో ఏడాది రేటు కాగితం మీద కుదరనిదే ఊక నమ్ముకుని యూనిట్ పెట్టొద్దు.

ఇంకొకటి. యూట్యూబులో వరిగడ్డి పెల్లెట్లకు ఇంత ఇస్తున్నారని చెప్పే వీడియోలు చాలా వరకు పంజాబ్, హర్యానా, ఢిల్లీ చుట్టుపక్కల ప్రాంతాలకు కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చే సాయం గురించి. అది మనకు వర్తించదు. ఆ అంకెలు మీ లెక్కలో కలుపుకోకండి.

రెండు సబ్సిడీల్లో ఏది

ఇంధన శాఖ సాయం, పీఎంఈజీపీ రెండూ ఒకే యూనిట్‌కి తీసుకోలేరు. వేరే ప్రభుత్వ పథకం సబ్సిడీ తీసుకున్న యూనిట్‌కి పీఎంఈజీపీ ఇవ్వరు. కాబట్టి ఇక్కడ కాగితం మీద లెక్క వేసుకోవాల్సిందే.

పీఎంఈజీపీలో తయారీ యూనిట్‌కి పరిమితిని 2022లో 50 లక్షలకు పెంచారు. పల్లెలో జనరల్ కేటగిరీకి 25 శాతం, మహిళలు, బీసీ, ఎస్సీ, ఎస్టీ, మైనారిటీ, మాజీ సైనికులు, దివ్యాంగులకు 35 శాతం. పట్టణంలో ఇవే 15, 25 శాతాలు. మన వాటా జనరల్‌కి 10 శాతం, మిగతావాళ్లకి 5. స్థలం ఖర్చు ప్రాజెక్టులో కలపరు. 10 లక్షలు దాటిన తయారీ యూనిట్‌కి ఎనిమిదో తరగతి పాసై ఉండాలి.

ఉదాహరణకి ఒక బీసీ రైతు పల్లెలో గంటకు టన్ను బ్రికెట్ల యూనిట్ పెట్టాడనుకుందాం, ప్రాజెక్టు 40 లక్షలు. పీఎంఈజీపీలో 14 లక్షలు వస్తుంది, ఇంధన శాఖ దారిలో 9 లక్షలు. ఎటు వెళ్లాలో చెప్పక్కర్లేదు. జనరల్ కేటగిరీ అయితే 10 లక్షలకి 9 లక్షలు, అంటే దాదాపు సమానం. అదే గంటకు మూడు టన్నుల పెల్లెట్ల ప్లాంటు, యంత్రాలకే కోటిన్నర అయిందనుకోండి. ఇంధన శాఖ దారిలో 30 శాతం, అంటే 45 లక్షలు. పీఎంఈజీపీ 50 లక్షల దాకా ఉన్న ఖర్చుకే లెక్కిస్తుంది కాబట్టి అందులో వచ్చేది గరిష్ఠంగా 17 లక్షల 50 వేలు. నేను గీసే గీత ఇదే: 50 లక్షల లోపల ఉన్న చిన్న యూనిట్ పీఎంఈజీపీకి, పైనున్నది ఇంధన శాఖకి.

డబ్బు చేతికొచ్చే తీరు కూడా వేరు. పీఎంఈజీపీలో సబ్సిడీ బ్యాంకులో మూడేళ్లు డిపాజిట్‌గా ఉంటుంది. దానికి వడ్డీ ఇవ్వరు, ఆ మేరకు అప్పు మీద వడ్డీ వెయ్యరు. యూనిట్ మూడేళ్లు నడిస్తేనే అప్పులో జమవుతుంది. ఇంధన శాఖది ముందు సూత్రప్రాయ ఆమోదం, తర్వాత ప్లాంటు కట్టి నడిపి, తనిఖీలో ఉత్పత్తి చూపిస్తేనే విడుదల. ఉత్పత్తి తగ్గితే సబ్సిడీ కూడా ఆ దామాషాలో తగ్గుతుంది. బయోఊర్జా పోర్టల్లో దరఖాస్తు, ఆమోదం అయ్యాకే యంత్రం ఆర్డరు చెయ్యండి. రెండిట్లోనూ మొదటి రోజు పెట్టుబడి మాత్రం మనదీ బ్యాంకుదీ. "సబ్సిడీ రాగానే డ్రయ్యరు కొంటాం" అని మేమనుకున్నాం. ఆ మాట మీరనుకోకండి.

కవిటి, సోంపేట, కంచిలి వాళ్లకి

ఉద్దానంలో కొబ్బరి డొక్కలున్నాయి. డొక్క నుంచి పీచు తీస్తే కిలో పీచుకి రెండు కిలోల దాకా పొట్టు మిగులుతుంది. పీచు యూనిట్ల పక్కన గోధుమరంగు గుట్టలు అందరం చూశాం. వానకి ఆ గుట్ట నుంచి కారే నీళ్లు టీ డికాషన్‌లా ఉంటాయి, పక్క గుంటలో చేరతాయి. కిడ్నీ జబ్బుల వల్ల నీటి గురించి ఇప్పటికే ఇంత భయపడుతున్న ప్రాంతంలో ఆ గుట్టల్ని కదిలించే ఏ పనైనా నాకు ఇష్టమే.

పొట్టుని బ్రికెట్లుగా కాల్చొచ్చు కదా అని మేనకోడలు అడిగింది. పొట్టు తన బరువుకి ఎన్నో రెట్లు నీళ్లు పట్టి ఉంచుతుంది, అదే దాని గుణం. దాన్ని ఆరబెట్టి కాల్చడమంటే ఎండకీ కూలీకీ డబ్బు పొయ్యడమే. నీళ్లు పట్టే గుణానికి డబ్బిచ్చేవాళ్లు వేరే ఉన్నారు: నర్సరీలు, మిద్దెతోటలవాళ్లు, పాలీహౌస్‌లు. కడియం నర్సరీలు ఒక్క రాత్రి లారీ ప్రయాణంలో ఉన్నాయి. కాబట్టి పొట్టు విషయంలో ఇంధనం కన్నా ఉత్పత్తే మేలు.

అందులోనూ రెండు దారులు. ఒకటి, పొట్టుని కడిగి ఉప్పు శాతం తగ్గించి, ఆరబెట్టి, 5 కిలోల దిమ్మెలుగా నొక్కి అమ్మడం. ధర బాగుంటుంది. కానీ మంచినీళ్లు ఎక్కువ కావాలి, పెద్ద గచ్చు కావాలి, కడిగిన నీళ్లు ఎక్కడికి వదలాలో ముందే తేల్చుకోవాలి. రెండోది కంపోస్టు. కాయిర్ బోర్డు పిత్‌ప్లస్ అనే పుట్టగొడుగు కల్చరు తయారుచేసింది. పొట్టు పొర మీద పొరగా వేసి, మధ్యలో ఈ కల్చరు, టన్నుకు 5 కిలోల యూరియా చల్లుతూ నీడలో తడుపుతూ ఉంటే నెల రోజుల్లో నల్లటి ఎరువు అవుతుంది. యంత్రం అక్కర్లేదు, అప్పు అక్కర్లేదు. పదిమంది ఆడవాళ్లు రోజుకి రెండు గంటలు పనిచేస్తే చాలు. సంఘానికి నేను చెప్పింది ఇదే: ఒక ఏడాది కంపోస్టు చేసి అమ్మండి, కొనేవాళ్ల ఫోన్ నంబర్లు సంపాదించండి, ఆ తర్వాత దిమ్మెల ప్రెస్సుకి మీలో ఒకరి పేరు మీద 35 శాతం సబ్సిడీతో పీఎంఈజీపీకి వెళ్లండి. ఆ పథకంలో కొత్త యూనిట్లకే అవకాశం కాబట్టి కంపోస్టు దశలో యూనిట్ పేరు మీద ఏ రిజిస్ట్రేషనూ తొందరపడి చేయించొద్దు.

ఇంకో జాగ్రత్త. 2018 తిత్లీకి పడిపోయిన తోటల చోట పెట్టిన మొక్కలన్నీ ఒకేలా కాపుకి రాలేదు. పాత అంచనాల్లోని డొక్కల లెక్క పట్టుకోకండి. మీ చుట్టూ పది కిలోమీటర్లలో ఏ పీచు యూనిట్ వారానికి ఎన్ని రోజులు తిరుగుతోందో సైకిలేసుకుని చూసి రావడం మంచిది.

మిగతా నలుగురికి రెండేసి మాటలు

పలాస, కాశీబుగ్గ జీడి పరిశ్రమలవాళ్లు: పిక్క బరువులో మూడింట రెండు వంతులు తొక్కే. దాన్ని పచ్చిగా కాలిస్తే వచ్చే పొగ కళ్లూ గొంతూ మండిస్తుంది, బాయిలర్ని తినేస్తుంది. ముందు నూనె తీయించండి. ఆ నూనె రంగులకీ, బండ్ల బ్రేకు లైనింగులకీ పోతుంది, పిప్పి తర్వాత కూడా బాగా మండుతుంది. ఒక్కొక్కరు విడిగా మిల్లు పెట్టడం కన్నా నలుగురైదుగురు కలిసి ఒకటి నడపడం మేలు.

సీతంపేట, గుమ్మలక్ష్మీపురం వైపు అడ్డాకు విస్తర్లు కుట్టేవాళ్లు: 2022 జూలై 1 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ ప్లేట్ల మీద నిషేధం ఉంది కాబట్టి మీ సరుక్కి గిరాకీ ఉంది. అటవీ ఉత్పత్తులు అమ్ముకునే గిరిజనుల కోసం పెట్టిన వన్ ధన్ కేంద్రంగా ఏర్పడితే 300 మంది సభ్యుల సమూహానికి 15 లక్షల దాకా సాయం. ఐటీడీఏ ద్వారా అడగండి.

పంచాయతీలు: పేడతో, చెత్తతో ఊరుమ్మడి గ్యాస్ ప్లాంటు పెట్టే గోబర్‌ధన్ కింద స్వచ్ఛభారత్ గ్రామీణ్ రెండో దశలో జిల్లాకి 50 లక్షల దాకా ఉంది. జిల్లా మొత్తానికని గమనించండి. రోజూ పేడ తెచ్చి పోసే మనిషికి జీతం ఎవరిస్తారో తేల్చని ఊరు దీని జోలికి వెళ్లకపోవడమే మంచిది.

బీడు భూమి ఉన్న రైతులు: బండ్లలోకి కొట్టే బయోగ్యాస్ ప్లాంట్లు పెద్ద కంపెనీల పని. కొత్త ప్లాంటుకి రోజుకి 4,800 కిలోల గ్యాస్‌కి 4 కోట్ల చొప్పున, గరిష్ఠంగా 10 కోట్లు కేంద్ర సాయం ఉంది. నగర గ్యాస్ కంపెనీలు 2025-26లో 1 శాతంతో మొదలుపెట్టి 2028-29కి 5 శాతం బయోగ్యాస్ కలపాలనే నిబంధన ఉంది కాబట్టి ఇవి ముందు ముందు పెరుగుతాయి. మన రాష్ట్రంలో ఒక పెద్ద కంపెనీ 500 ప్లాంట్లకు ఒప్పందం చేసుకుని 2025 ఏప్రిల్‌లో ప్రకాశం జిల్లా దివాకరపల్లిలో మొదటిదానికి శంకుస్థాపన చేసింది. వాళ్లకి నేపియర్ గడ్డి కావాలి. రేపు మన వైపు భూమి కౌలుకి అడిగితే ఒప్పందంలో మూడు చూడండి: ఎన్నేళ్లు, నీళ్లు ఎవరివి, గడువయ్యాక గడ్డి దుబ్బులు ఎవరు పీకిస్తారు. ప్రభుత్వం పంచిన డీ పట్టా భూమి అయితే తహసీల్దారు ఆఫీసులో అడక్కుండా సంతకం పెట్టొద్దు.

మా తమ్ముడు మార్చిలో గొయ్యి తవ్వించాడు. మేనకోడలు వాళ్ల మొదటి కంపోస్టు గుట్ట ఇంకా గోధుమరంగులోనే ఉందట, తడి తగ్గినట్టుందని చెప్పాను. చీపురుపల్లి ఆయన మాత్రం కొటేషను గడువు అయిపోతోందని టెన్షన్ పడుతున్నాడు. పోనిమ్మన్నాను. ఆగస్టులో రెండు భారీ వానల తర్వాత తిరిగి, పొడి బెండ్లు ఎవరి దగ్గరున్నాయో, ట్రాక్టరుకి ఎంత చెప్తున్నారో, పైడిభీమవరంలో ఎవరు ఏ రేటుకి కొంటామన్నారో ఒక నోట్‌బుక్కులో రాసుకుని రమ్మన్నాను. అప్పుడు ఇద్దరం కూర్చుని బ్యాంకుకి వెళ్లే కాగితం రాద్దాం.